కళ్లద్దాల నుంచి తప్పించుకోబోయిన రోజు

నాచారంలో మా చిన్నప్పుడు... సాయంత్రం అయిదయితే బస్తీ పిల్లలమంతా కమ్యూనిటీ హాలుకి పరిగెత్తేవాళ్లం. అక్కడ ఉచితంగా చదువు చెప్పి, చివర్లో ఉడికించిన శనగలు పెట్టేవాళ్లు. నిజం చెప్పొద్దూ... నేను వెళ్లింది శనగల కోసమే.

నాన్న పోయాక అమ్మ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్లేది. నేనేమో బడిలో వరుసగా ఫెయిలు. బోర్డు మీది లెక్క రాసుకోమంటే, పక్కమ్మాయి పుస్తకంలోంచి తప్పులతో సహా దింపేదాన్ని. ఒకసారి పరీక్ష పేపరు మీద ఆమె పేరు కూడా దింపేశాను... ఉప్పల్ బస్సనుకుని ఇంకేదో ఎక్కి లాలాపేట్‌లో దిగిన ఘనత కూడా నాదే.

ఆ మార్కులు చూసి అమ్మ నన్ను హాలుకి వెళ్లడం మాన్పించింది. రెండు రోజులు రాకపోయేసరికి, అక్కడ చదువు చెప్పే పద్మక్క ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"దీనికి సదువు రాదు మేడం. ఏడో తరగతి అయినంక నాతోటి పనికి తోల్కపోత" అంది అమ్మ.

అక్క నన్ను గుమ్మంలో నిలబెట్టి, ఎదురింటి గోడ మీద ఏం రాసుందో చదవమంది.

"ఏ గోడ?" అన్నాను.

అక్క అమ్మ వైపు తిరిగింది. "సదువు రాక కాదమ్మా, కండ్లు కనవడక. ఆదివారం హాలుకు కండ్ల డాక్టర్ వస్తున్నడు, తోల్కరా."

నాకు భయం పట్టుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే బస్తీ అంతా సోడాబుడ్డి అంటుంది కదా... అందుకే ఆదివారం వరుసలో నిలబడి, ముందున్న పిల్లలు చదివే చార్టు అక్షరాలన్నీ ఎక్కంలా బట్టీ పట్టేశాను.

మధ్యలో ఫ్యాను గాలికి చార్టు ఎగురుతోందని దాన్ని తీసి అవతలి గోడకి తగిలించారట. అందరూ చూశారు. నాకు కనిపిస్తే కదా...

నా వంతు వచ్చింది. ఎదురుగా తెల్లగా, నలుచదరంగా ఉన్నదాని వైపు తిరిగి, చివరి వరుస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"మస్తు సదివినవ్ బిడ్డా" అన్నాడు డాక్టర్. "కానీ అది కిటికీ. చార్టు నీ ఎనక ఉంది."

హాలంతా నవ్వులు. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా అడిగింది.

"గిన్నొద్దుల సంది ఎందుకు జెప్పలే?"

"అందరికీ గట్లనే కనవడ్తదనుకున్న."

అమ్మ నన్ను మళ్లీ డాక్టర్ ముందు నిలబెట్టింది.

అద్దాలు వచ్చిన రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. బయటికొస్తున్న ఆడవాళ్లలో అమ్మని దూరం నుంచే గుర్తుపట్టాను. ఒక చేత్తో నడుము పట్టుకుని, తల దించుకుని నడుస్తోంది. నన్ను చూడగానే చెయ్యి తీసేసి నవ్వింది... రోజూ నా దగ్గరికి వచ్చే ముందు అమ్మ అలా మారిపోతుందని నాకప్పటిదాకా తెలీదు.

నాకేం ఫస్టు ర్యాంకులు రాలేదు. కానీ ఏడు పాసయ్యాను, ఎనిమిదిలోకి వెళ్లాను. పని మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఫోనులో నొక్కితే కళ్లద్దాలు ఇంటికే వస్తున్నాయి... రెండు రోజులు పిల్ల కనిపించకపోతే ఏమైందని అడుగుతూ మనిషి రావడమే తగ్గిపోయింది. మీ గుమ్మం దాకా అలా ఎవరైనా వచ్చారా... వస్తే ఆ కథ కింద రాయండి, చదువుతాను.