నీడ లేని మధ్యాహ్నం

ఎండుమిరప ఘాటు తగిలితే నాకు ఒక మే నెల మధ్యాహ్నం గుర్తొస్తుంది. అమ్మ నాకు ఇంట్లోనే చదువు చెప్పేది. వేసవిలో నా పని మిరప కల్లంలో కర్ర పాతి, రోజూ మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిచి పుస్తకంలో రాయడం. నీడ రోజురోజుకీ తగ్గుతూ వచ్చి, ఆ రోజు అసలు లేకుండా పోయింది. పక్కన నిలబడ్డ అమ్మకీ లేదు.

కాయలు ఏరుతున్న మరియమ్మత్త నవ్వింది. "ఒరేయ్, నీడ లేనోళ్ళు దెయ్యాలురా! మీ అమ్మని ఓసారి ముట్టుకుని చూడు."

ముట్టుకున్నాను. అంత ఎండలోనూ అమ్మ చెయ్యి చల్లగా ఉంది.

"ఎంత వచ్చింది నాన్నా?" అంది అమ్మ.

సున్నా రాస్తే అమ్మ ఇక ఉండదనిపించి, "ఒక సెంటీమీటరు" అని రాసేశాను.

మా ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నీడ ఉండదని తర్వాత చదువుకున్నాను. అమ్మకి అది ముందే తెలుసు. అయినా నా అంకె పక్కన టిక్కు పెట్టింది. ఎందుకో ఇప్పటికీ అడగలేదు.