చీనీ మండీలో మెరిసే బటన్లు

మొన్న పులివెందులలో చీనీకాయల, అదే బత్తాయిల, మండీకి పోయినప్పుడు, గుమాస్తా ఫోను చేతిలో పట్టుకొని తెరమీద గుండ్రంగా తిరిగే చుక్కలకేసి చూస్తూ నిలబడితే, చుట్టూ ఉన్న రైతులూ వ్యాపారులూ కిక్కురుమనకుండా కాచుకున్నారు. అది చూసి నాకు కడుపు మండింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటరంటే బల్లమీద తెల్లటి డబ్బాగా ఉన్న రోజులు. అప్పట్లో నేనూ మా అక్క మొగుడూ ప్రొద్దుటూరులో మిద్దెమీద ఒక గది తీసుకొని దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. ఈ మండీవాళ్ళు వేలంపాట రాసుకునే ప్రోగ్రాం అడిగినప్పుడు, తెరమీది కిటికీలూ బటన్లూ ఏ టూల్‌కిట్‌తో కట్టాలన్న దగ్గర మాకు చెడింది. కంప్యూటర్లో ముందే ఉన్న బూడిదరంగు బటన్లను వాడుకునే సాదా టూల్‌కిట్ చాలు, మండీలోని పాత మిషన్ మీదయినా నొక్కగానే తెరుచుకుంటుంది అన్నాను నేను. బావ మనసేమో ప్రతి బటన్‌నూ తానే కొత్తగా గీసుకునే, నీడలూ మెరుపులూ ఉన్న ఇంకోదాని మీద పడింది. బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో పుట్టిన మనిషి, మెరవనిది ఆయన కంటికి ఆనదు.

ఎవరి దారి వారు చూసుకుందామనే దాకా వచ్చాక, అక్క జమ్మలమడుగులోని మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"మీ బావ మాట ఇనుకోరా. నువ్వు కాదంటాంటే ఆడ నాకు శానా కష్టంగా ఉండాది."

ఆమె ముఖం చూసి ఒప్పుకున్నాను. బావ కోరిన టూల్‌కిట్‌తోనే ప్రోగ్రాం రాసి మండీలో పెట్టాం.

చీనీ పాట ఎంత వేగమో చూసినవాళ్ళకు తెలుసు, ఒక కుప్ప దగ్గర ముగిసీ ముగియకముందే జనం పక్క కుప్ప దగ్గరుంటారు. మా తెర మాత్రం నింపాదిగా అంచు గీసి, నీడ గీసి, బటన్లను ఒక్కొక్కటే తెచ్చి పెడుతోంది. మండీ యజమాని కాసేపు ఓర్చుకున్నాడు.

"బాగుండాదప్పా బొమ్మ. అది వచ్చేలోపల ఈడ పాట అయిపోతాంది" అని మళ్ళీ కాగితం అందుకున్నాడు.

సాదా టూల్‌కిట్‌తో తిరగరాసిస్తానని బతిమాలినా వినలేదు. బామ్మర్దికి ప్రోగ్రాం రాయడం చేతకాలేదని బావ ఊరంతా చెప్పాడు. ఆయన అన్నందుకు కాదు, సంగతంతా తెలిసిన అక్క కూడా ఆ మాటే అన్నందుకు నాకు ఈనాటికీ మంట. గది ఖాళీ చేశాం. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. అమ్మను సమాధి చేసిన రోజు కూడా సమాధుల తోట దాకా వచ్చి, అటునుంచి అటే బస్సెక్కింది.

ఇప్పుడు ఏ టూల్‌కిట్ అని తలలు పగలగొట్టుకునేవాళ్ళు మన వైపు కనబడరు. అన్నీ ఫోనులోకే వస్తాయి, చుక్కలు తిరుగుతుంటాయి, లోకమంతా ఓపికగా నిలబడుతుంది. ఆనాడు మండీ మాకివ్వని ఆ కాస్త ఓపిక ఇప్పుడు అందరికీ ఊరికే దొరుకుతోంది. అక్క మాత్రం నాకు తిరిగి దొరకలేదు.