అరచేతి కింద అచ్చులు

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో మా పక్క క్వార్టర్లో ఒక రష్యన్ ఇంజనీరుగారి భార్య ఉండేది. రష్యన్ దుబాసీ ఉద్యోగానికి పరీక్ష రాయబోతున్న మా ఆయనకు సాయంత్రాలు ఊరికే పాఠం చెప్పేది. మాటలో ఒత్తి పలకని అచ్చు వచ్చినప్పుడల్లా, పసిబిడ్డను జోకొడుతున్నట్టు అరచెయ్యి మెల్లగా కిందికి దించేది.

పాలను వాళ్లు 'మొలొకో' అని రాసి 'మలకో' అంటారు. మా ఆయన మాత్రం అచ్చులన్నీ మన తెలుగులాగే నిండుగా పలికేవారు.

"రాసిందొకటి, పలికేదొకటి! ఇదేటి భాషే? ఈ ఉద్యోగం నాకు రాదు," అని ఒకరోజు పుస్తకం మూసేశారు.

నేను దేవుడి దగ్గర చిడతలతో భజన చేసుకుంటున్నాను. ఆవిడ వచ్చి చిడతలు అందుకుంది. 'మ', 'ల' అంటూ అరచెయ్యి దించి, 'కో' దగ్గర మాత్రం గట్టిగా మోగించింది.

"ఈ పిల్లలు నిద్ర. ఈ పిల్ల లేచింది," అంది వచ్చీరాని తెలుగులో.

"ఓర్నాయనో, తాళవేనేటి!" అన్నారాయన.

ఫలితం తెలిసిన రోజు ఆయన ఇంట్లోకి వస్తూనే చిడతలు తీసి ఒక్కసారి మోగించారు. నేను పరుగున వెళ్లి ఆవిడ కాళ్లకు దండం పెట్టాను. ఆవిడ కంగారుపడి, ఏం చెయ్యాలో తోచక, ఆ అరచేతినే మెల్లగా నా తల మీదికి దించింది.

సింహాచలంలో తల మీద శఠగోపం పెట్టినప్పుడల్లా ఆ చెయ్యే గుర్తొస్తుంది.