అడక్కుండా ఇచ్చిన సోమవారం సెలవు

దీపావళి ఆదివారం పడి మా రాళ్ల పాలిష్ మిల్లులో అందరికీ ఒక సెలవు పోయింది. ఈ సాయంత్రం ఓనరు తనే వచ్చి, "పండగ సెలవు సోమవారం తీస్కోండిరా, జీతం కొయ్యన్లే" అన్నాడు. మావాళ్లు దండాలు పెట్టారు. నాకు అనుమానం వచ్చింది.

"ఏంది సార్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాను.

"నీకు మంచి చేసినా తప్పేనంట్రా" అని విసుక్కున్నాడు.

దారిలో కరెంటాఫీసు లైన్‌మన్ బావను ఆపి సోమవారం సంగతేంటని అడిగాను. "సోమవారం మీ మిల్లు లైన్లో రోజంతా కరెంటుండదు బావా" అన్నాడు. కరెంటు లేని రోజు మేం ఊరికే కూర్చున్నా జీతం వస్తుంది. ఆ రోజునే పండగ సెలవు చేశాడన్నమాట.

వెంటనే ఓనరుకి ఫోన్ చేశాను. "సార్, సోమవారం నేను పనికొస్తా. సెలవు మంగళవారం తీసుకుంటా."

ఠక్కున ఫోన్ పెట్టేశాడు. మంగళవారం ఇంట్లో ఉండమంటారా, పనికి పొమ్మంటారా?