జానీమియా గుర్రాన్ని అడిగొచ్చిన

పొద్దున ఏడింటికి జనగామల ప్యాసింజర్ ఎక్కిన. ఒళ్లె మా సారు రాసిన కాయితాల కట్ట. సారంటే మా ఆయనే, కాలేజీల చరిత్ర చెప్పేటోడు. పోయి ఏడాదైంది. ఆయన రాతను సాపు చేసుడు ముప్పై ఏండ్లు నా పని. ఒక్క ఒత్తు గూడ మార్చలె.

పాత గ్రీకులు, పారశీకుల యుద్ధాల మీద ఆయన ఆఖరి పుస్తకం ప్రెస్సుకు పోవాలె. ఒక్క కాడ ఆగింది. "పారశీకుల గుర్రాలు ఈటెల వరుసను చీల్చుకొని పోయినయి" అని రాసి, పక్కన పెన్సిల్‌తోని "నిజమేనా? నర్సింహులపేట జానీమియాను అడగాలె" అని పెట్టుకున్నడు. అడగకముందే పోయిండు. ఏం తొందరొచ్చిందో మనిషికి! అది తేలకుంట కట్ట ఇయ్యబుద్ధి గాలె.

ఎదురుంగ కూసున్న తండా ఆమె కట్ట చూసి, "ఏందక్కా, కోర్టు కాయితాలా?" అన్నది.

"కాదమ్మా, గుర్రాల ముచ్చట."

నవ్వి, జొన్నరొట్టె తుంచి చేతిల పెట్టింది.

తొమ్మిదిన్నరకు మహబూబాబాద్‌ల దిగి బస్సెక్కిన. నర్సింహులపేట ఊరి బయటనే బస్సు ఆగింది. తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు. మీరు గిట్ల పోతే పొద్దుగాలనే బయలుదేరుండ్రి, బస్సులను నమ్ముకోవద్దు. రోడ్డుకడ్డంగ జనం జెండాకట్టెలు పట్టుకొని భుజానికి భుజం ఆనిచ్చి నిలబడ్డరు. పేరు చెప్పి అడిగితే, ఎనక పెద్ద గంజుల పప్పు కలుపుకుంట దొరికిండు జానీమియా. డెబ్బై ఏండ్లుంటయి. రేగొండ దాక పెండ్లికొడుకులను ఊరేగించిన గుర్రం ఆయనది. సారు ఇంటామెనని చెప్పిన.

"సారు ఓ పెండ్లిల కలిసిండు, వస్తనన్నడు. మస్తు ఎదురుచూసిన. ఏడి?"

"నేనొచ్చిన గద భాయ్" అన్న. ఆయనకు సమజైంది. సారు రాసిన లైను చదివి వినిపిస్తే, గంటె పక్కకు పెట్టి గుర్రాన్ని తెచ్చిండు.

"ఆ కాలంల కాలు పెట్టే రికాబులు లేవట" అని చెప్పిన.

జీను గూడ తీసేసి ఎక్కిండు, మోకాళ్లతోని బిగపట్టి జనం దిక్కు ఉరికిచ్చిండు. వరుసకు పది అడుగుల దూరంల గుర్రం టక్కున ఆగింది. మడిమెలతోని ఎంత పొడిచినా ముందుకు పోలే, పక్కకు తిరిగింది.

"సూసినవా అక్కా? సందు లేకపోతే నా రాణి పోదు. ఎవడన్న బెదిరి వరుస ఇడిస్తే గప్పుడు దూరుతది."

"మేం ఇడువం!" అని వరుసలకెళ్లి ఒకామె అరిచింది. అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన, కండ్లల్ల నీళ్లొచ్చినయి. గీ నవ్వు సారు వినాల్సింది.

జానీమియా తొలి ముద్ద నాకే పెట్టిండు. పప్పుల ఉప్పు తక్కువైంది, అయినా రెండోసారి అడిగి తిన్న.

నాలుగింటి ప్యాసింజర్ల తిరుగుమొఖం పట్టిన. యుద్ధాల సంగతి నాకేం ఎరుక గానీ, నిలబడ్డ మనుషుల ముందు గుర్రం ఆగుడు నా కండ్లతోని సూసిన. ఘన్‌పూర్ దాక పెన్ను పట్టుకొనే కూసున్న. ఆయన రాత కొట్టేయనీకి చెయ్యి రాలే. రఘునాథపల్లి దాటినంక ఆ లైను కొట్టేసి, "వరుస విడిపోనంత వరకు గుర్రాలు ముందుకు పోలేదు" అని కింద రాసిన.

పక్కన పెన్సిల్ మాటను మాత్రం చెరపలె. "అడగాలె" అన్నదాని కింద నా అక్షరాలల్ల రాసిన: "అడిగిన."