మా యారాలితో ఆరేళ్ల అలక

మొన్న సాయంత్రం మా మనవరాలు తెలుగు నోటుపుస్తకం పట్టుకొచ్చి నా మంచం మీద కూర్చుంది. ఇచ్చిన మాటలతో సొంతవాక్యాలు రాయాలట, అందులో ఒక మాట ‘అలక’. నేను నోరు తెరిచేలోగానే మా కోడలు వంటింట్లోంచి ఫోన్ చూసి చెప్పేసింది, పాప బొమ్మ కొనివ్వలేదని అలక వహించింది అని. పిల్ల అదే రాసుకుని చక్కా పోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బొమ్మ ఇస్తే తీరిపోయేదాన్ని మారాం అంటారు, అలక అనరు. అలకంటే ఏమిటో నన్నడగాలి. ఆ మాటతో ఆరేళ్లపాటు పొద్దున్నా సాయంత్రం వాక్యాలు విన్నదాన్ని, అన్నదాన్ని. నా వయసువాళ్ళు, ఒకే నల్లా దగ్గర ఇద్దరు కోడళ్ళ బిందెలు ఒకదాన్నొకటి గుద్దుకున్న రోజులు చూసినవాళ్ళు, మీకైతే అర్థమవుతుందని చెబుతున్నాను.

మా మామ ఊళ్ళో ఉన్న కాస్త చెలకా అమ్మి నాచారంలో కొన్న జాగాలో ముందు రెండు గదులు, వెనక రెండు గదులు వేయించి, ముందువి మా బావకి, వెనకవి మా ఆయనకి ఇచ్చి కన్నుమూశాడు. గదులు వేరైనా వాకిలి ఒకటే, నల్లా ఒకటే, స్నానాల గది ఒకటే. అన్నదమ్ములిద్దరూ అక్కడి ఫ్యాక్టరీల్లోనే పని చేసేవారు. బావ భార్య, అంటే మా యారాలు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, నాకంటే నాలుగింతలు గొంతున్నది. ఆమె వాకిట్లో నిలబడి పిల్లల్ని పిలిస్తే మల్లాపూర్‌లో ఎవరి పిల్లలో పరుగెత్తుకొచ్చేవారని మా బావ అనేవాడు. నిజం చెప్పాలంటే పెళ్ళై వచ్చిన కొత్తలో నన్ను మనిషిని చేసింది ఆమే. ఊరి నుంచి వచ్చి బస్సు నంబరు కూడా చదవలేని నన్ను వెంటబెట్టుకుని ఉప్పల్ అంగడికి తిప్పింది, రేషన్ దుకాణంలో వరుస దాటి ముందుకొచ్చేవాళ్ళని ఎలా తిట్టాలో నేర్పింది, చర్చిలో పాట రాకపోయినా పెదవులు ఎలా కదిపితే వచ్చినట్టుంటుందో కూడా ఆమే చెప్పింది. ఇంతా చేసిన మనిషి మీద నాకెంత కోపమంటే, ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి కాస్త గట్టిగానే పడుతోంది.

మా ఆయన రేకు మూతలు కొట్టే ప్రెస్ మిషను మీద పని చేసేవాడు. మనిషి మెత్తన, మాట మెత్తన, కాని సాయంత్రం షిఫ్టుకి వెళ్ళే దారిలో కల్లు కాంపౌండ్ ఉండేది. మొదట్లో ఆదివారాలు, తర్వాత వారంలో రెండుసార్లు, చివరికి రోజూ తాగే డ్యూటీకి వెళుతున్నాడని నాకు వాసనతో తెలిసింది. ఆ మిషను దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా వెనక్కి తీసినవాళ్ళు ఇద్దరు అప్పటికే వేళ్ళు లేకుండా తిరుగుతున్నారు. పుట్టింట్లో చెబితే పరువు, చెప్పకపోతే భయం. ఒక పొద్దున నల్లా దగ్గర బిందె నిండుతుండగా కూర్చుని ఏడ్చి, మా యారాలికి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఆమెతో నా చేతిలో చెయ్యి వేయించుకున్నాను. నా తల మీద ఒట్టు, ఎవ్వలకు చెప్పనే చెల్లె, అంది. 

మా చర్చి స్త్రీలకు గురువారం మధ్యాహ్నం కూడిక ఉండేది, వారానికొకరింట్లో. పది పదిహేనుమందిమి చాప మీద కూర్చుని పాటలు పాడి, ఎవరి కష్టం వాళ్ళు మనవిగా చెప్పుకుంటే, ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని పైకి ప్రార్థన చేసేవాళ్ళం. ఆ వారం మా వాకిట్లోనే పెట్టుకున్నాం. నేను అటుకులు తాలింపు వేసి, అందరికీ టీ గ్లాసులు కడిగి పెట్టుకుని, కొంగు తల మీద కప్పుకుని కూర్చున్నాను. యారాలి వంతు వచ్చింది. ఊరికి మంచి వానలు కావాలంది, ఎవరి కూతురికో పురుడు తేలిగ్గా కావాలంది, ఆ పైన మా ఇంటి మీదికి వచ్చింది.

“తండ్రీ, మా మరిది కల్లు బంద్ చెయ్యాలె తండ్రీ, డ్యూటీకి తాగి పోతుండు తండ్రీ, ఆ మిషిన్ కాడ ఆయన చేతులు నువ్వే కాపాడాలె తండ్రీ, నా చెల్లె ఏడుస్తుంటే సూడలేకపోతున్న తండ్రీ.”

చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆమెన్ అన్నారు. ఆ అన్నవాళ్ళలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు భార్య ఉంది. నేను కళ్ళు తెరిచి చూసేసరికి ఆవిడ కూడా తెరిచి నన్నే చూస్తోంది. తిట్టినదాన్ని తిరిగి తిట్టొచ్చు, చాడీ చెప్పినదాన్ని జుట్టు పట్టుకోవచ్చు, ప్రార్థన చేసినదాన్ని ఏం చేయాలి? కళ్ళు తుడుచుకుంటూ నా వీపు నిమరబోయిన ఆమె చేతిని తోసేసి, ఎవరికీ టీ పోయకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర మా ఆయన్ని ఆపి, అందరి ముందూ నోరు వాసన చూశారు. వారంపాటు లోపలికి రానివ్వలేదు. ఇంట్లో కూర్చుంటే నామోషీ అని రోజూ ఆ గేటు బయట వేపచెట్టు కింద నిలబడి సాయంత్రానికి వచ్చేవాడు. ఉద్యోగం పోలేదు, కాని మిషను మీంచి తీసేసి గోడౌన్‌లో పెట్టెలు మోయడానికి పంపారు. దానికి కారణం ఎవరు? మా యారాలు. అంతే, ఆ రోజు నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు. చెప్పొద్దన్న మాట బయటపెట్టి, పైగా దేవుడికే కదా చెప్పాను, నీకెందుకు కోపం అన్నట్టు చూసే మనిషితో ఏం మాట్లాడతాం?

మొదట వారం రోజులు ఆమె బతిమాలింది. తర్వాత ఆమెకీ రోషం వచ్చింది. ఇక అక్కడి నుంచి మా వాకిట్లో ఆ మాట లేకుండా వాక్యం లేదు. నీళ్ళు రాకపోతే నల్లా అలిగిందనేది, అని ఊరుకునేదా, కొందరి లెక్క అని చేర్చేది. స్టవ్వు అంటుకోకపోతే అలిగింది. కోడి గుడ్డు పెట్టకపోతే అలిగింది, కొందరికన్న దీనికే ముక్కు మీద కోపం తక్కువ అనేది. మా ఇంటి ముందు పెంచిన మల్లె పూయకపోతే, అలిగినోళ్ల వాకిట్ల పూలు గూడ అలుగుతయ్ అని పక్కింటావిడకి వినిపించి, నాకు అంతకంటే బాగా వినిపించేది. నేనేం తక్కువ తినలేదు. నేను చీపురుతో మాట్లాడేదాన్ని. నోరు అదుపులో పెట్టుకోలేనివాళ్ళ కంటే నువ్వు నయమే, ఊడ్చమన్న చోటే ఊడుస్తావు అనేదాన్ని. ఆమె వండిన కూర పిల్లలు తెస్తే గిన్నె మూత కూడా తీయకుండా వెనక్కి పంపేదాన్ని. నేనిలా ఉంటే అన్నదమ్ములిద్దరూ మాత్రం ఏమీ పట్టనట్టు గోడ మీద కూర్చుని క్రికెట్ గురించి మాట్లాడుకునేవారు, దానికింకా ఒళ్ళు మండేది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, మా చర్చివాళ్ళకే తెలిసేది. నెలలో మొదటి ఆదివారం సంస్కారం ఇస్తారు, అంటే అయ్యగారు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్ళు దాన్ని తీసుకోకూడదు, ముందు సమాధానపడాలి. తీసుకోకుండా కూర్చుంటే చర్చంతా వెనక్కి తిరిగి చూస్తుంది. అందుకని మేమిద్దరం ఏం చేసేవాళ్ళమంటే, అయ్యగారు సమాధానపడండి అనగానే ఆమె ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి లేచి, మధ్యలో కలిసి, రెండు చేతులూ జోడించి, వందనాలు అంటే వందనాలు అనుకుని, బల్ల దగ్గరికి పక్కపక్కనే వెళ్ళేవాళ్ళం. ఆ మాట అనేటప్పుడు నేను ఆమె మొహం చూసేదాన్ని కాదు, కమ్మలు చూసేదాన్ని. చర్చి గేటు దాటగానే ఆమె ఒక బస్సు, నేను ఇంకో బస్సు. ఆరేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపితే అవే, నెలకొక వందనాలు. దేవుణ్ణి కూడా మోసం చేశామని అప్పుడు అనిపించలేదు, అలకలో ఉన్న మనిషికి అవన్నీ అనిపించవు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. ఆ గేటు ముందు నిలబడ్డ వారం తర్వాత మా ఆయన కల్లు ముట్టలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ముట్టలేదు. మొదట నెల రోజులు నేను నమ్మలేదు, చొక్కాలు వాసన చూసేదాన్ని. ఏడాది తిరిగాక ఆయన్ని మళ్ళీ మిషను మీదికి తీసుకున్నారు. ఆ రోజు అన్నం తింటూ, “వదినె నోరు దెర్వకపోతే నా చేతులు ఎన్నడో ఆ మిషిన్ల వొయ్యేటియి, పోయి ఒక మాట చెప్పరాదే,” అన్నాడు. నువ్వు తిను, ఎక్కువ మాట్లాడకు అన్నాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసే కొద్దీ కోపం పెరిగింది. తప్పు చేసినదాన్ని క్షమించొచ్చు గాని, తప్పు చేసి కూడా మనకి మేలు చేసినదాన్ని ఎలా క్షమిస్తాం? నేను వెళ్ళి నీ వల్లే మానేశాడని చెబితే, ఒట్టు తప్పినందుకు ఆమెకి బహుమానం ఇచ్చినట్టవుతుందనుకున్నాను. నాది ఒట్టి పొగరు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

ఆరేళ్లకి బావ తన వాటా అమ్మి మేడిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. సామాను ట్రాలీకెత్తుతుండగా ఆమె చేతిలో ఖాళీ బిందెతో నల్లా దగ్గరికి వచ్చి, నల్లాతో కాదు, కోడితో కాదు, నాతోనే అంది.

“ఒక్కటే అడుగుత. ఆ దినం నేను జేసింది తప్పా?”

కాదు అక్కా అనాలి. రెండే మాటలు. నాలుక చివరి దాకా వచ్చాయి. నేను చేతులు జోడించి, వందనాలు అన్నాను. ఆమె బిందె నడుముకి పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మాటలు కలిశాయి లెండి. దూరమైతే మాటలు వాటంతటవే కలుస్తాయి. పెళ్ళిళ్ళకి, క్రిస్మస్‌కి, తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, మోకాళ్ల నొప్పి ఎట్లుంది. మా ఆయన పోయినప్పుడు ఆమె వచ్చి మూడు రోజులు నా పక్కనే పడుకుంది. శవపేటికలో పెట్టేటప్పుడు మా ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, పది వేళ్ళూ ఒక్కొక్కటే నిమిరింది. అప్పుడైనా నేను చెప్పలేదు.

మనవరాలి పుస్తకం చూసినప్పటి నుంచి నాకు కూర్చుంటే నిలబడితే అదే ధ్యాస. నిన్న ఆదివారం చర్చి అవగానే ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కి మేడిపల్లి వెళ్ళాను. మా చర్చిలో ఇప్పుడు ఎవరూ లేచి ఎవరి దగ్గరికీ వెళ్ళరు. మనుషులు పెరిగారు, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో రసం కూర్చున్న చోటికే వస్తుంది, పక్కన కూర్చున్నది ఎవరో చూడకుండానే తాగేయొచ్చు. మా యారాలు ముందు గదిలో కిటికీ పక్కన మంచం మీద ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి, చెవులు మాత్రం పోయాయి. మామూలుగా చెబితే ఏంది ఏంది అంటోంది. ఇంట్లో ఆమె కొడుకు ఉన్నాడు, కోడలు ఉంది, ఎదుటి ఇంటివాళ్ళు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. ఇన్నేళ్లు దాచిన మాట అంతమందిలో గొంతు చించుకుని చెప్పాలి. కొంగు నడుముకి దోపుకుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

“అక్కా, నువ్వు ఆ దినం ప్రార్థన జేసినంకనే ఆయన కల్లు బంద్ జేసిండు. సచ్చేదాక ముట్టలే. నువ్వు జేసింది తప్పు గాదు.”

గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగింది. కొడుకు టీవీ శబ్దం తగ్గించాడు. మా యారాలు తల నా వైపు తిప్పింది.

“నాకెర్కనే,” అంది. “ఆ నెలనే ఎర్కైంది. నువ్వు చెప్తవని సూసిన.”

ఇంకేదో అంటుందని నేను ఏడవడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఆమె మెల్లిగా అటు తిరిగి, గోడ వైపు మొహం పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని పడుకుంది. కోడలు కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, బీపీ మిషను తెచ్చి చేతికి కట్టింది, ఎదురింటి అంకులోళ్లను తోడు తీసుకొని అర్జెంటుగా దవాఖానాకు తీసుకపోదామా అని భర్తనడిగింది. ఏమీ కాలేదమ్మా, అలిగింది అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. పాపం, దానికెలా తెలుస్తుంది? ఈ రోజుల్లో మనస్పర్థ వస్తే ఫోన్‌లో నంబరు తీసేస్తారు, ఎదురుపడితే నవ్వుతారు, ఒకే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూస్తూ ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉండే ఓపిక ఎవరికుంది, అలా ఉండాలంటే మనసులో ఎదుటి మనిషికి ఎంత చోటుండాలి!

నేను పొద్దుగూకేదాకా ఆ మంచం అంచున కూర్చుని, అక్కా అక్కా అని ఆ వీపుని బతిమాలాను. బతిమాలడం నాకు రాదు, బతిమాలించుకోవడమే వచ్చు. టీ తెచ్చారు, ఆమె తాగలేదు. చివరి బస్సు దొరకదని నేనే లేచాను. వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాను. ఆమెకి ఎనభై దాటాయి, నాకూ ఎంతో దూరం లేదు. అప్పటిదాకా ఆమె అలిగే ఉంటే చాలు.