అందరికీ ఇరవై, పద్మజకి ఇరవై రెండున్నర

2023. బెంజ్ సర్కిల్ దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీ. అందులో నేను కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. ద్రావణాలు కలపడం, గాజు సామాను చూసుకోవడం నా పని. ఫస్టియర్ వాళ్ల మొదటి ప్రాక్టికల్ అంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పెళ్లివారింట్లో ఉన్నంత హుషారు. తెల్లకోట్లు కొన్న మడతలతోనే తొడుక్కొస్తారు. ఇంటర్‌లో పరీక్షల ముందు నాలుగు రోజులు తప్ప ముట్టుకోని బ్యూరెట్‌ని భయంభయంగా పట్టుకుంటారు. బ్యూరెట్ అంటే అడుగున కుళాయి, ఒంటినిండా గీతలు ఉన్న పొడవాటి గాజు గొట్టం.

ఆ రోజు పర్మాంగనేట్ టైట్రేషన్. బ్యూరెట్‌లో ముదురు ఊదారంగు పర్మాంగనేట్, కింద ఫ్లాస్కులో ఇనుప లవణం కలిపిన నీళ్లు. చుక్క పడుతుంది, రంగు మాయమవుతుంది. అలా పడగా పడగా ఒక్క చుక్క దగ్గర లేత గులాబీ రంగు నిలిచిపోతుంది. అదే ఎండ్ పాయింట్. అక్కడ ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయ్యాయో గీతల మీద చూసి రాసుకోవాలి. ల్యాబంతా "వచ్చిందే, వచ్చిందే" అని ఒకటే గోల. ఆ గోల ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

గంట గడిచేసరికి అందరి పుస్తకాల్లోనూ ఇరవై. పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చే పద్మజకి మాత్రం ఇరవై రెండున్నర. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే. మా దగ్గర ఏటా ఒకే బలంతో ద్రావణం కలుపుతాం కాబట్టి సీనియర్ల రికార్డులు చేతులు మారుతుంటాయి. పక్కపిల్ల అలాంటి రికార్డు తెరిచి చూపిస్తూ, "ఇరవై వేసెయ్యవే, ఎవరు చూడొచ్చారు" అంటోంది.

నేను వెళ్లాను. "ఏమ్మా, కుళాయి కారుతోందేమో చూసుకున్నావా?"

"చూశానండీ. బ్యూరెట్ కూడా మార్చానండీ."

"అయితే నీ చెయ్యే తొందరపడుతోంది. నా ద్రావణంలో తేడా రాదు. పోనీ, ఇరవై అని రాసెయ్."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు రానిది ఎలా రాయనండీ? మా నాన్నగారు బీకాం చాలన్నారు సార్. నేనే సైన్సని పట్టుబట్టాను. గ్రూపు మార్చుకోవడానికి రేపే ఆఖరు. మొదటిదే ఇలా అయితే మారిపోవడమే మంచిదేమోనండీ."

నాకు కాస్త ఒళ్లు మండింది. ఎలా చెయ్యాలో చూపిద్దామని బ్యూరెట్ నేనే అందుకున్నాను. ఇరవై దాటింది, రంగు నిలవలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఇరవై రెండున్నర దగ్గర గులాబీ రంగు నిలిచింది.

పరుగున అలమర దగ్గరికి వెళ్లాను. పర్మాంగనేట్ నిలవుంటే బలం తగ్గుతుంది, ఎక్కువ ఖర్చవుతుంది. ముందురోజు కలిపిన కొత్త సీసా కదలకుండా అక్కడే ఉంది. నేను తెచ్చి పోసింది సెలవులకు ముందుది. సీసా మీద చీటీ కూడా చూడలేదు, అంత ధీమా నాది.

సిగ్గేసింది. అయినా మూల బల్ల దగ్గర కూర్చున్న లెక్చరర్ మేడమ్‌గారి ఎదుటే గట్టిగా చెప్పాను. "పాత ద్రావణం పోశాను, తప్పు నాది. దీంతో ఎవరికీ ఇరవై రాదు. ఇవాళ చేసింది చేసినట్టు రాసింది పద్మజ ఒక్కతే."

అందరూ ఎవరి పుస్తకంలోకి వాళ్లు చూసుకున్నారు.

"అయితే నాది కరెక్టేనా అండీ?" అంది పద్మజ.

"నీదే కరెక్టమ్మా."

కొత్త సీసా తెచ్చి అందరికీ మళ్లీ పోశాను. పద్మజ మళ్లీ టైట్రేషన్ చేసి, సంచిలోంచి ఏదో కాయితం లాగి, దాని వెనక గబగబా రీడింగు వేసుకుంది. ఈసారి ఇరవై.

"అదేంటమ్మా, గ్రూపు మార్చుకునే ఫారం కాదూ?"

"అవునండీ. ఇంక దాంతో పనిలేదు కదండీ" అని మళ్లీ బ్యూరెట్ నింపుకుంది. నా సంతోషం పట్టరానిదైంది.

అప్పటినుంచి చీటీ చూడనిదే సీసా ముట్టుకోను. ద్రావణం బలం కూడా ఏటా మారుస్తున్నాను, పాత రికార్డులు పనికిరాకుండా. కొత్తగా వచ్చిన పిల్లలు "సార్, ఎంత రావాలండీ?" అని అడుగుతూనే ఉంటారు. "మీకెంత వచ్చిందో చెప్పండి, అప్పుడు నాది సరిచూసుకుంటాను" అంటాను.